ఇప్పచెట్టు కింద ఈస్టర్

బస్తర్ అడవి పల్లెల్లో క్రీస్తును నమ్ముకున్నవాళ్ళకు విశ్వాసం ఆదివారంతో తీరిపోయే సంగతి కాదు. పువ్వు ఏరుకునే చోట, అంబలి పంచుకునే చోట, జ్వరంతో పడుకున్న బిడ్డ పక్కన, చివరికి ఆరడుగుల మట్టి కోసం చేయి చాచే చోట అది నిలబడాలి.

ఈస్టర్ ఏ ఏడాదీ మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25 దాటి పోదు. బస్తర్‌లో ఇప్పపువ్వు రాలేదీ ఆ రోజుల్లోనే. రాత్రంతా టపటపా రాలిన పువ్వు పొద్దెక్కితే మేకల పాలో ఎలుగుల పాలో అవుతుంది. అందుకే కోడి కూయకముందే ఇంటిల్లిపాదీ బుట్టలు పట్టుకుని చెట్ల కిందికి చేరతారు. ఏ చెట్టు ఎవరింటిదో ఊరందరికీ తెలుసు. చెట్టు కింది ఎండుటాకులను ముందే కాల్చి, నేల నల్లగా శుభ్రంగా చేసి పెట్టుకుంటారు. ఆ నల్లటి నేల మీద పడిన లేత పసుపు పువ్వును నడుం వంచి ఒక్కొక్కటే ఏరాలి. ఎండబెట్టి సంతకు తీసుకెళ్తే ఉప్పూ నూనే వస్తాయి, పిల్లాడి చొక్కా వస్తుంది.

పట్నాల్లో మనం శ్రమకాలం వస్తే మాంసం మానేస్తాం, కొందరు టీ మానేస్తారు. బస్తర్ పల్లెలో ఉపవాసాన్ని ఎవరూ ఎంచుకోనక్కర్లేదు. పోయినేటి వడ్లు గాదె అడుగుకు చేరేదీ అప్పుడే. పునరుత్థాన దినాన ఆరాధనకు రావలసినవాళ్ళు తెల్లారేసరికి చెట్ల కింద ఉంటారు. పువ్వు ఏరడం అయ్యాకే పాట మొదలవుతుంది. రాలిన పువ్వును వదిలేసి రమ్మని ఏ దేవుడూ అడగడని అక్కడి విశ్వాసులు ఎప్పుడో తేల్చుకున్నారు. సమాధి దగ్గరికి మొదట వెళ్ళిన ఆడవాళ్ళు కూడా ఇంకా చీకటుండగానే, సుగంధ ద్రవ్యాలు చేతపట్టుకుని, చేయవలసిన పని మీదే కదా వెళ్ళారు.

బస్తర్‌లో క్రైస్తవం అనగానే మన పత్రికల్లో మతమార్పిడి లెక్కలు వస్తాయి, కాకుంటే దాడుల వార్తలు వస్తాయి. రెండూ రాయవలసినవే. కానీ వాటి మధ్య ఒక మనిషి పొద్దున లేచి రాత్రి పడుకునే దాకా ఏం నమ్మి బతుకుతున్నాడో ఎవరూ అడగడం లేదు. ఈ కథనం దాని గురించే.

జ్వరంతో మొదలయ్యే కథలు

ఇక్కడి విశ్వాసుల సాక్ష్యాల్లో చాలావాటికి మొదలు జబ్బే. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020 జనవరిలో ‘మలేరియా ముక్త్ బస్తర్’ అని ఇంటింటి పరీక్షలు మొదలుపెట్టవలసి వచ్చిందంటే, అక్కడ జ్వరం ఎంత పాత చుట్టమో అర్థం చేసుకోవచ్చు. ఇంట్లో ఎవరైనా పడకేస్తే గునియా అనే మంత్రవైద్యుడి దగ్గరికి వెళ్తారు. ఏ పేన్‌కు, అంటే ఏ దేవతకు, కోపం వచ్చిందో, ఎవరు చేతబడి చేశారో ఆయన చెబుతాడు. కోడి, మేక, పంది, ఇప్పసారా ఇచ్చుకోవాలి. తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. ఇచ్చి ఇచ్చి చేతులు ఖాళీ అయ్యాక, పక్క ఊరి నుంచి ఒకతను వచ్చి నెత్తిన చేయి పెట్టి ప్రార్థన చేస్తాడు. రూపాయి అడగడు. మర్నాడు మళ్ళీ వస్తాడు. రోగం తగ్గిందో లేదో అటుంచండి, తన కోసం ఒకరు రెండోసారి వచ్చారన్న సంగతిని ఆ ఇల్లు మర్చిపోదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మాత్ర వద్దు, ప్రార్థన చాలు అనే పాస్టరు ఎవరైనా ఉంటే అతను ఆ ఇంటికి అన్యాయం చేస్తున్నాడు. అంజూరపు ముద్ద పుండు మీద కట్టమని చెప్పిన ప్రవక్త కథ ఉన్న గ్రంథమే అతని చేతిలోనూ ఉంది. మితానిన్ అని పిలుచుకునే ఆరోగ్య కార్యకర్త ఛత్తీస్‌గఢ్ ప్రతి పల్లెలోనూ కనిపిస్తుంది. ఆమె ఇచ్చిన మాత్ర వేసుకుని ప్రార్థనకు కూర్చునే ఇల్లే సరైన ఇల్లు.

జబ్బుతో వచ్చిన నమ్మకం జబ్బు పోయాక నిలవాలంటే దానికి ఇంకో ఆసరా కావాలి. చాలా ఇళ్ళలో ఆ ఆసరా సారా మానడం. ఇది పైకి చిన్న నియమంలా ఉంటుంది గానీ, బస్తర్‌లో చిన్నది కాదు. పుట్టుకకు, పెళ్ళికి, చావుకు, విత్తనాల పండుగకు మొదటి చుక్క భూమికీ పెద్దలకూ పోసి తాగడం అక్కడి ఆచారం. అది మన ఊళ్ళ సారా దుకాణం లాంటిది కాదు, పెద్దలతో చుట్టరికం కలుపుకోవడం. విశ్వాసి ఆ దొన్నె వద్దంటే, ఎదుటివాడికి అది తన పెద్దలను కాదన్నట్టే వినిపిస్తుంది. అదే సమయంలో ఆ ఇంటి ఆడమనిషిని అడిగితే ఇంకో లెక్క చెబుతుంది. మొగుడు తాగి రాని రాత్రులు, దెబ్బలు లేని రాత్రులు, సంత నుంచి పూర్తిగా ఇంటికి చేరిన డబ్బులు. రెండు లెక్కలూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచేవాళ్ళ మాట నమ్మకూడదు.

చిత్రమేమిటంటే ఇప్పపువ్వు ఏరడం మాత్రం విశ్వాసి మానడు. తిండికి వండుకుంటాడు, గింజల నుంచి నూనె తీస్తాడు, మిగిలింది అమ్ముతాడు. అమ్మిన పువ్వు ఎవరి కుండలోనో సారా అవుతుందని అతనికీ తెలుసు. దాని మీద పల్లె సంఘాల్లో వాదన రేగితే తేల్చడం ఎవరి తరమూ కాదు. ఆకలికీ నియమానికీ మధ్య రోజూ ఇలా తడుముకుంటూ నడిచే విశ్వాసం నాకు పుస్తకాల్లోని విశ్వాసం కంటే దగ్గరగా అనిపిస్తుంది.

గోదావరి దాటి వెళ్ళిన దారి

బస్తర్‌కు తెలుగు నేలతో ఉన్న బంధుత్వం పాతది. కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఓరుగల్లు పడిపోయాక అటు వెళ్ళి రాజ్యం నిలబెట్టాడని, దంతేశ్వరి అమ్మవారు ఆయన వెంటే నడిచిందని అక్కడి సంప్రదాయం. కుంట, భోపాలపట్నం వైపు ఊళ్ళలో ఇప్పటికీ తెలుగు వినపడుతుంది. దోర్లలు మన కోయల రక్తబంధువులే. విశాఖ నుంచి కిరండూల్ దాకా ఇనుప ఖనిజం కోసం వేసిన రైలు మార్గం వెంట ఎన్నో తెలుగు కుటుంబాలు వెళ్ళి స్థిరపడ్డాయి. జగదల్‌పూర్‌లో తెలుగువాళ్ళు కట్టుకున్న బాలాజీ గుడి ఆ ఊరికే గుర్తుగా నిలిచింది.

క్రైస్తవమూ మొదట ఈ దారినే వెళ్ళింది. ఇల్లెందు కేంద్రంగా పనిచేసిన చార్లెస్ బి. వార్డ్ అనే అమెరికన్ మెథడిస్టు మిషనరీ పంతొమ్మిదో శతాబ్దపు చివరి పదేళ్ళలో జగదల్‌పూర్ చేరాడు. ఇల్లెందు, సిరొంచ, జగదల్‌పూర్ అప్పట్లో ఒకే మిషను కింద ఉండేవి. జగదల్‌పూర్‌లో ఎర్రగా కనిపించే మెథడిస్టు గుడిని ఊరంతా లాల్ చర్చి అంటుంది. దాని అసలు పేరు చందయ్య మెమోరియల్. ఆ పేరు వింటే తెలుగువాడికి సొంత మనిషి గుర్తొస్తాడు.

ఇంకొంచెం దక్షిణాన, గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో 1860 ప్రాంతంలోనే కోయల మధ్య పని మొదలైంది. ఆనకట్ట పనులకు వచ్చిన ఇంజనీరు హేగ్ దానికి పునాది వేశాడు. తర్వాత జాన్ కెయిన్ దశాబ్దాల పాటు అక్కడే ఉండి కోయల ఆచారాల మీద రాసిన సంగతులు దక్షిణ భారత కులాలు, తెగల మీద థర్‌స్టన్ తెచ్చిన గ్రంథంలోకీ ఎక్కాయి. క్యాథలిక్కుల రాక ఇంకా ఆలస్యం. కేరళకు చెందిన సీఎంఐ సభ గురువుల చేతికి 1972లో జగదల్‌పూర్ ప్రత్యేక ప్రాంతంగా వచ్చింది, 1977లో మేత్రాసనం అయింది. పౌలినస్ జీరకత్ మొదటి బిషప్పు. బళ్ళు, ఆసుపత్రులు వాళ్ళ బలం. అడవి లోపలి చిన్న చిన్న ప్రార్థనా భవన్‌లు మాత్రం ఎక్కువగా స్వతంత్ర సంఘాలవి. నడిపేది కూడా ఆ ఊరివాళ్ళే. తునికాకు కోసినన్నాళ్ళు పాస్టరూ కోస్తాడు. యాభై ఆకులకు ఒక కట్ట, వెయ్యి కట్టలకు ఒక బస్తా. 2024 నుంచి ఆ బస్తాకు రూ. 5,500 వస్తోంది. ఆ డబ్బే అతని జీతం కూడా.

సీఎంఐ సభ కార్మెల్ సంప్రదాయం నుంచి వచ్చింది. పదిహేడో శతాబ్దంలో పారిస్‌లోని ఒక కార్మెల్ మఠంలో లారెన్స్ అనే సహోదరుడు వంటపని చేసేవాడు. పెద్ద చదువు లేదు, గురుపట్టం లేదు. గుడిలో మోకరించినప్పుడు ఎంత దగ్గరగా ఉంటాడో వంటింట్లో గిన్నెలు కడిగేటప్పుడూ దేవుడు అంతే దగ్గరగా ఉంటాడని ఆయన నమ్మిక. ఆయన పోయాక ఆ మాటలు చిన్న పుస్తకమై ప్రపంచమంతా తిరిగాయి. బస్తర్ పల్లెలో ఆ పుస్తకం చదివినవాళ్ళు ఉండకపోవచ్చు. కానీ వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు పక్కన పెట్టి, ఆదివారం కానుకగా తీసుకెళ్ళే తల్లి చేసేది అదే పని. మన డోర్నకల్‌లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య నేర్పిన పాఠమూ ఇదే. 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్పు అయిన ఆయన, డబ్బులేని పల్లె సంఘాలు విదేశీ చందాల మీద బతక్కూడదని, పిడికెడు బియ్యంతో, కోతకాలపు వడ్లతో, కోడిపెట్టతో తమ గుడిని తామే నిలబెట్టుకోవాలని పట్టుబట్టాడు. ఇచ్చే చేయి ఉన్నవాడు ఎవరి ముందూ తల వంచనక్కర్లేదని ఆయనకు తెలుసు. బస్తర్ విశ్వాసులను డబ్బుకు మారినవాళ్ళని ఈసడించే ముందు ఆ పిడికెడు బియ్యం ఒకసారి చూడాలి.

దేవ్‌గుడి ముందు

అయితే ఊరి బాధ కూడా వినాలి. బస్తర్ పల్లెలో దేవుడు ఒక ఇంటివాడు కాడు, ఊరివాడు. వానకు, విత్తుకు, కొత్తల పండుగకు ఊరంతా కలిసి చందా వేసుకుంటుంది. ఊరి పూజారి గాయ్‌తా మట్టికి పూజ చేయనిదే విత్తనం పడదు. నవాఖాని నాడు పెద్దలకు పెట్టనిదే కొత్త బియ్యం నోట్లోకి పోదు. అందులో ఒక ఇల్లు చేయి తీసేస్తే మిగిలినవాళ్ళకు అది పూజలో భేదం మాత్రమే కాదు. వాన రాకపోతే ఎవరివల్ల రాలేదన్న ప్రశ్న పుడుతుంది. బయటి నుంచి వచ్చి, ఊరి దేవతలుండే దేవ్‌గుడిని సైతాను ఇల్లు అని తిట్టిపోయిన బోధకులు ఈ గాయాన్ని ఇంకా పెద్దది చేశారు. ఇది క్రైస్తవులే ఒప్పుకుని సరిచేసుకోవలసిన సంగతి. యేసు సమరయ స్త్రీ దగ్గర నీళ్ళడిగాడు. ఆమె పెద్దలు తవ్విన బావిని తిట్టలేదు.

ఇక్కడ వెరియర్ ఎల్విన్‌ను తలచుకోవాలి. 1927లో ఆంగ్లికన్ గురువుగా మన దేశానికి వచ్చినవాడు. ప్రభుత్వానికి విధేయత ప్రమాణం చేయనన్నందుకు నాగ్‌పూర్ బిషప్పు ఆయనకు అనుమతి ఇవ్వలేదు. గోండుల మధ్య కాపురం పెట్టాక 1935లో చర్చినే వదిలేశాడు. ఆ తర్వాత బస్తర్‌లో తిరిగి మురియాల యువజన గృహమైన ఘోటుల్ మీద 1947లో ఆయన తెచ్చిన గ్రంథం ఈనాటికీ చదవదగ్గది. బతుకులో అర్థం వెతుక్కుంటూ ఒకడు చర్చిలోంచి అడవిలోకి నడిచాడు. అదే అడవిలో పుట్టిన ఇంకొకడు అదే అర్థం కోసం చర్చిలోకి నడిచాడు. మొదటివాడిని మేధావి అని మెచ్చుకుని రెండోవాడిని మోసపోయినవాడు అనడం నాకు న్యాయంగా తోచదు. ఆదివాసీ తన మనసుతో తాను ఎంచుకోగలడని ఒప్పుకోవడమే అసలు గౌరవం.

ఊరికీ విశ్వాసికీ మధ్య పెరిగిన దూరం పదేళ్ళకు పైగా రోజువారీ బతుకు మీదే పడుతోంది. 2014లో తోకపాల్ బ్లాకు సిరిసగూడలో, గ్రామసభ తీర్మానం తర్వాత తమకు రేషను ఆపారని క్రైస్తవ కుటుంబాలు మొర పెట్టుకున్నాయి. 2022 డిసెంబరులో నారాయణ్‌పూర్, కొండగావ్ జిల్లాల పల్లెల నుంచి వందలాది మందిని తరిమేశారు. క్రిస్మస్ వారంలో చలికి వణుకుతూ వాళ్ళు నారాయణ్‌పూర్ ఇండోర్ స్టేడియంలో తలదాచుకున్నారు. 2023 జనవరి 2న అదే ఊళ్ళో విశ్వదీప్తి బడి ఆవరణలోని చర్చిని ధ్వంసం చేశారు. ఆపబోయిన జిల్లా ఎస్పీ తల పగిలింది. నమ్మకం వదులుకుంటే ఇంటికి రావచ్చని చెప్పినా రానివాళ్ళున్నారు. కోయని వరి చేలో ఉండగా, మేకలు ఎవరి పాలయ్యాయో తెలియకుండా ఉండగా, వాళ్ళు స్టేడియం నేల మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నారు. డబ్బు ఆశకు మారినవాళ్ళు అలా కూర్చోరు.

ఆరడుగుల మట్టి

అన్నిటికంటే కోత పెట్టేది చావు. దర్భా బ్లాకు ఛింద్‌వాడా గ్రామానికి చెందిన ఒక పాస్టరు 2025 జనవరి 7న జబ్బుతో చనిపోయాడు. మహరా కులస్థుడు. ఊరి శ్మశానంలో తమ పెద్దలున్న చోటే ఆయన్నూ ఉంచాలని కొడుకు కోరాడు. ఊరు ఒప్పుకోలేదు. సొంత భూమిలో పెట్టుకుంటామన్నా కుదరనిచ్చారు కారు. హైకోర్టు కాదంది. శవం జగదల్‌పూర్ మార్చురీలో ఉండగానే కొడుకు సుప్రీంకోర్టు గడప ఎక్కాడు. తండ్రిని మట్టి చేసుకోవడానికి ఒక మనిషి ఇంతదూరం రావలసి వచ్చిందా అని న్యాయమూర్తులే బాధపడ్డారు. జనవరి 27న తీర్పు వచ్చింది, అదీ రెండుగా చీలి. సొంత పొలంలో పెట్టుకోనివ్వాలని జస్టిస్ బి.వి. నాగరత్న అన్నారు. క్రైస్తవులకు కేటాయించిన చోటే పెట్టాలని జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ అన్నారు. శవం అప్పటికే ఇరవై రోజులుగా చలిపెట్టెలో ఉంది. ఇంకా ఆలస్యం చేయలేక ఇద్దరూ కలిసి, ఇరవై పాతిక కిలోమీటర్ల దూరంలోని కర్కాపాల్ శ్మశానంలో పోలీసు రక్షణతో ఖననం చేయమన్నారు. రాష్ట్రమంతటా క్రైస్తవులకు శ్మశాన స్థలాలు గుర్తించాలని జస్టిస్ నాగరత్న తన తీర్పులో ఆదేశించారు.

ఈ కేసు చదువుతుంటే ఆదికాండంలోని ఇరవై మూడో అధ్యాయం కళ్ళ ముందు నిలబడింది. దేశమంతా నీకిస్తానని దేవుడు మాటిచ్చిన అబ్రాహాము, శారా చనిపోతే పెట్టడానికి చారెడు నేల లేక, హేతు సంతతి వారి ముందు వంగి నిలబడ్డాడు. నేను మీ మధ్య పరదేశిని, నా భార్యను పాతిపెట్టుకోవడానికి చోటివ్వండని అడిగాడు. వాళ్ళు వేరే దేవుళ్ళను కొలిచేవాళ్ళు. అయినా మా సమాధుల్లో మంచిది ఎంచుకోమన్నారు. అబ్రాహాము ఊరకే తీసుకోలేదు, నాలుగు వందల తులాల వెండి తూచి ఇచ్చి మక్పేలా గుహ కొన్నాడు. వాగ్దాన దేశంలో ఆయన సొంతం చేసుకున్న మొదటి భూమి ఒక సమాధి. క్రీస్తుకైతే అదీ లేదు, అరిమతయియ యోసేపు తన కోసం తొలిపించుకున్న రాతి సమాధి ఇచ్చాడు. యూదా పారేసిన ముప్పై వెండి నాణేలతో కొన్న కుమ్మరి పొలం కూడా పరదేశుల శవాల కోసమే. బైబిలులో దయను కొలిచే చోట్లలో శ్మశానం ఒకటి.

బస్తర్ ఆదివాసీకి ఈ భాష కొత్త కాదు. చనిపోయినవాళ్ళ పేరున నిలువెత్తు రాళ్ళు, చెక్కిన కంబాలు నిలబెట్టే మాడియాలకు చచ్చినవాడు ఎక్కడ ఉన్నాడన్నది ఎంత ముఖ్యమో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. పెద్దల పక్కన చోటు కావాలన్న కొడుకు కోరిక అచ్చమైన ఆదివాసీ కోరిక, అచ్చమైన క్రైస్తవ కోరిక కూడా. ఊరు తన దేవ్‌గుడిని కాపాడుకోవాలి, అందులో సందేహం లేదు. కానీ శవానికి చోటు లేదనడం ఏ పేన్ చెప్పిన ధర్మమూ కాదు. విశ్వాసులు కూడా చందా మీద గొడవ ఉంటే పూజకు ఇవ్వకుండా చెరువు పూడికకో, ఊరి దారికో, పెళ్ళింటి కట్టెలకో రెండింతలు చేయి కలపాలి. చాలాచోట్ల కలుపుతున్నారు కూడా. పక్క పక్కన నడుం వంచి పనిచేసినవాళ్ళు ఒకరి శవాన్ని ఒకరు ఆపడం కష్టం.

ఈ సంగతి మనకు దూరం కూడా కాదు. 2005లో మావోయిస్టుల మీద పోరు పేరిట సల్వాజుడుం దళాలు మొదలైనప్పుడు దంతెవాడ, బీజాపూర్ పల్లెల నుంచి వేలాది మంది ప్రాణాలు అరచేత పట్టుకుని గోదావరి దాటి వచ్చారు. ఆ దళాల్లో ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి దించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తేల్చింది. వచ్చినవాళ్ళలో చాలామంది తిరిగి వెళ్ళలేదు. భద్రాచలం, ములుగు, చింతూరు అడవుల్లో గుత్తికోయలన్న పేరుతో పట్టా లేని నేల మీద, ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియని గుడిసెల్లో ఉన్నారు. వాళ్ళలో క్రీస్తును నమ్మినవాళ్ళున్నారు, పేన్‌లను కొలిచేవాళ్ళున్నారు. మిరప కోతకు మన చేలల్లోకి వచ్చేది వాళ్ళే.

ప్రతి నవంబరు 2న మన సంఘాలు సమాధుల పండుగ చేస్తాయి. గోరీలకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాయి. గోదావరి ఒడ్డు ఊళ్ళలోని సంఘ పెద్దలకు ఒక మనవి. ఈ ఏడు ఆ పండుగ రాకముందే మీ సమాధుల తోటలో ఒక మూల కొలిచి, వలస వచ్చిన ఈ కుటుంబాలకు ఏ దేవుణ్ణి కొలిచేవారని అడగకుండా రాసివ్వండి. తీర్మానం కాగితం మీద పెట్టి, గుత్తికోయ గూడేనికి మీరే వెళ్ళి చెప్పి రండి.